క్లీవ్‌లాండ్ రేడియోలో జిమ్ టోమీ

ఆ రేడియోను క్లీవ్‌లాండ్ పక్కనున్న లేక్‌వుడ్‌లో ఒక ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే 3 డాలర్లకు కొన్నాను. బ్యాటరీల మూత ఎప్పుడో పోయింది, రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. కిటికీ గట్టు మీద ఒకే ఒక్క కోణంలో తిప్పి పెడితే తప్ప ఆటల స్టేషను గరగర లేకుండా వినిపించేది కాదు. ఆ కోణం మర్చిపోకుండా గట్టు మీద పెన్సిలుతో గీత గీసుకున్నాను. నేను ఆ అపార్టుమెంటు ఖాళీ చేసిన రోజున కూడా ఆ గీత అక్కడే ఉంది. తుడిచేయడానికి చేతులు రాలేదు.

జిమ్ టోమీ అనే బేస్‌బాల్ ఆటగాడు నా జీవితంలోకి వచ్చింది ఆ రేడియోలోంచే. బేస్‌బాల్ గురించి తెలుగులో రాస్తే ఎవరు చదువుతారని చాలాకాలం ఆగాను. కానీ 1998 నుంచి 2003 దాకా నా రాత్రుల్ని తలచుకుంటే ముందుగా చెవిలో మోగేది ఆ వ్యాఖ్యానమే. టామ్ హామిల్టన్ గొంతు నెమ్మదిగా మొదలై, బంతి గాల్లోకి లేచినకొద్దీ తానూ పైకి లేచేది.

నేను అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో దిగింది 1998 ఆగస్టులో. సంవత్సరాన్ని రెండంకెలతో దాచుకున్న పాత కోబాల్ ప్రోగ్రాములన్నీ 2000 సంవత్సరం రాగానే తారుమారవుతాయని ప్రపంచమంతా బెంగపడుతున్న రోజులు. ఆ బెంగే మాలాంటి వేలమంది తెలుగు కుర్రాళ్ళకు విమానం టిక్కెట్టు అయింది. ఒకే పడకగది ఉన్న ఇంట్లో నలుగురం. వంతులవారీగా వంట, అందరికీ కలిపి ఒక పాత కారు. నన్ను తెచ్చిన కన్సల్టెన్సీ నన్ను ఒక ఆఫీసులో కూర్చోబెట్టింది. పక్క కుర్చీలో యాభై దాటిన ఒక పెద్దాయన ఉండేవారు. ఆ ప్రోగ్రాముల్లో సగం ఆయన యౌవనంలో రాసినవే.

ఆ ఊరి జట్టు పేరు అప్పట్లో ఇండియన్స్. మొదటివారం ఆఫీసులో ఎవరు ఆ మాట అన్నా తల తిప్పి చూసేవాణ్ని. పెద్దాయన అది గమనించి, కుర్చీ నా వైపు లాక్కుని, కాగితం మీద ఒక వజ్రం బొమ్మ గీసి ఆట నేర్పడం మొదలుపెట్టారు. నాలుగు మూలల్లో బేసులు, వాటిని చుట్టి వస్తే ఒక పరుగు, మూడు స్ట్రైకులు, తొమ్మిది ఇన్నింగ్స్. 1954లో తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా తాను ఏడ్చిన సంగతి కూడా ఆ రోజే చెప్పారు. ఆ ఏడు క్లీవ్‌లాండ్ 111 ఆటలు గెలిచి, ఏడాది చివర విజేతను తేల్చే ప్రపంచ సిరీస్‌లో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో వరసగా నాలుగూ ఓడిపోయింది. ఆ తరువాత 41 ఏళ్ళ పాటు ఆ జట్టు మళ్ళీ అంతదాకా వెళ్ళనే లేదు. 1995లో వెళ్ళి అట్లాంటా చేతిలో ఓడింది. 1997లో చిట్టచివరి ఆట దాకా లాగి, పదకొండో ఇన్నింగ్స్‌లో ఫ్లోరిడా చేతిలో ఓడింది. నేను దిగేసరికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. చేతి ఎముక విరిగి టోమీ ఆటకు దూరంగా ఉన్నాడని కూడా ఊరంతా దిగాలుగా ఉంది.

మొదటిసారి నేను చివరిదాకా విన్న ఆట 1998 అక్టోబరు 13న జరిగింది. ప్రపంచ సిరీస్‌కు ఎవరు వెళ్ళాలో తేల్చే ఏడు ఆటల సిరీస్‌లో, న్యూయార్క్ యాంకీస్‌తో వాళ్ళ ఊళ్ళో ఆరో ఆట. ఓడితే ఇంటికే. యాంకీస్ 6-0తో ముందున్నారు. మా వాళ్ళు ముగ్గురూ నిద్రపోయారు, నేను రేడియో గొంతు తగ్గించి వంటింటి గట్టు పక్కన నేల మీద కూర్చున్నాను. అయిదో ఇన్నింగ్స్‌లో మా జట్టుకు ఒక పరుగు వచ్చాక, మూడు బేసుల మీదా మనుషులు నిండి ఉండగా టోమీ వచ్చాడు. యాంకీస్ పిచర్, అంటే బంతి విసిరేవాడు, డేవిడ్ కోన్ వేసిన బంతిని గోడ దాటించి ప్రేక్షకుల మధ్యకు కొట్టాడు. దాన్నే హోమ్ రన్ అంటారు. బేసుల మీది ముగ్గురూ, తానూ కలిసి నాలుగు పరుగులు ఒక్క దెబ్బకు. స్కోరు 6-5 అయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచాను. చివరికి క్లీవ్‌లాండ్ ఓడిపోయింది, అది వేరే సంగతి. విరిగిన చెయ్యి మానీ మానకముందే వచ్చి, ఆ ఒక్క సిరీస్‌లో నాలుగు హోమ్ రన్లు కొట్టిన మనిషిని మర్నాటి పేపర్లో మొదటిసారి చూశాను. నిలువెత్తు మనిషి, పల్లెటూరి రైతులాంటి ముఖం, పాతకాలం ఆటగాళ్ళ మాదిరిగా మోకాళ్ళ దాకా లాగిన మేజోళ్ళు.

ఆ మేజోళ్ళకూ ఒక కథ ఉంది. 1997 ఆగస్టు 27న టోమీకి 27 ఏళ్ళు నిండాయి. ఆ రోజు అతని మీద ప్రేమతో జట్టులో వాళ్ళు తామూ మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాగి బరిలోకి దిగారు. అలా మొదలైన అలవాటు ప్రపంచ సిరీస్ దాకా సాగింది. ఈ మాట చెప్పేటప్పుడు పెద్దాయన కంప్యూటరు నుంచి చేతులు తీసేసి, తన ప్యాంటు కాళ్ళు కొంచెం పైకి లాగి చూపించారు.

క్రికెట్ చూసి పెరిగిన కంటికి టోమీ నిలబడే తీరు మొదట్లో వింతగా ఉండేది. అతను ఎడమచేతి వాటం బ్యాటర్. గీతల మధ్య కాళ్ళు ఊన్చుకున్నాక, కుడిచేత్తో బ్యాటును పిచర్ వైపు సూటిగా చాచి, ఒక క్షణం అలాగే ఆపేవాడు. పొలం గట్టు మీద నిలబడి సరిహద్దు చూపిస్తున్న మనిషిలా ఉండేవాడు. దాన్ని అతనికి నేర్పింది చార్లీ మాన్యుయెల్. చిన్న లీగుల్లో టోమీని చేరదీసి బ్యాటింగు దిద్దిన గురువు ఆయన. అంతకుముందు జపానులో ఆడి, 1979లో అక్కడ అత్యుత్తమ ఆటగాడి అవార్డు కూడా అందుకున్నాడు. బంతి కోసం ఎదురుచూసేటప్పుడు టోమీ ఒళ్ళు బిగదీసుకుంటున్నాడని 1993లో గమనించి, ఒక పాత బేస్‌బాల్ సినిమాలో కథానాయకుడు చేసే భంగిమను చూపించి, అలా చేసి చూడమన్నాడు. భుజాలు వదులయ్యాయి. దెబ్బలో బలం పెరిగింది. ఆ భంగిమ తరువాత అతని సంతకం అయిపోయింది.

హైస్కూలు అయ్యాక ఏ జట్టూ టోమీని తీసుకోలేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా అతని ఊరు. తండ్రి క్యాటర్‌పిల్లర్ కంపెనీలో పనిచేసేవాడు. దగ్గర్లోని రెండేళ్ళ కాలేజీలో చేరి ఆడుతుంటే 1989లో, జట్లన్నీ కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, క్లీవ్‌లాండ్ అతన్ని 13వ రౌండులో, 333వ ఆటగాడిగా ఎంచుకుంది. అంత అడుగున దొరికినవాళ్ళ పేర్లు చాలావరకు ఎవరికీ గుర్తుండవు. 1991 సెప్టెంబరు 4న అతను పెద్ద లీగులో మొదటి ఆట ఆడాడు. మొదట్లో మూడో బేసు దగ్గర కాపలా. 1997లో మాట్ విలియమ్స్ వచ్చాక మొదటి బేసుకు జరిగాడు. జట్టు కోసం చోటు ఖాళీ చేయమంటే గొణుక్కోకుండా జరిగాడని పెద్దాయన ఎప్పుడూ మెచ్చుకునేవారు.

చిన్నప్పటి సంఘటన ఒకటి టోమీ ఎన్నోసార్లు చెప్పాడు. తండ్రి అతన్ని చికాగోలో రిగ్లీ ఫీల్డుకు తీసుకువెళ్ళాడు. అక్కడ ఆడే కబ్స్ జట్టులోని డేవ్ కింగ్‌మన్ అంటే పిల్లవాడికి ప్రాణం. సంతకం దొరకలేదు. ఊరుకోలేక ఆటగాళ్ళు కూర్చునే చోటుకే దూకేశాడు. ఆ జట్టు క్యాచర్ ఒకాయన ఎత్తుకుని తెచ్చి తండ్రికి అప్పగించాడు. పెద్దవాడయ్యాక టోమీ పిల్లలకు ఓపికగా సంతకాలు పెట్టే మనిషిగా పేరు తెచ్చుకున్నాడు.

ఇంతకీ నేను ఆటలు రేడియోలోనే ఎందుకు వినేవాణ్నంటే, టిక్కెట్లు దొరికేవి కావు. 1995 జూన్ 12 నుంచి 2001 ఏప్రిల్ 4 దాకా క్లీవ్‌లాండ్ జట్టు స్టేడియం జేకబ్స్ ఫీల్డులో వరసగా 455 ఆటలకు టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి. సీజను మొదలవకముందే అయిపోయేవి. మా నలుగురి జీతాల్లో సగం ఇళ్ళకు పంపే రోజులు కనుక బయట ఎక్కువ ధర పెట్టి కొనే ఆలోచన కూడా రాలేదు.

1999 జూలై 3 శనివారం నాడు కూడా రేడియో దగ్గరే ఉన్నాను. ప్రత్యర్థి కాన్సస్ సిటీ, పిచర్ డాన్ వెంగర్ట్. దెబ్బ చప్పుడు రేడియోలో వినిపించింది. ఆ చప్పుడు వేరుగా ఉంది, ఎండిన తాటిమట్ట విరిగినట్టు. ఆ తరువాత హామిల్టన్ గొంతులో ఆశ్చర్యం. మధ్య మైదానం గోడ దాటి, దాని వెనక చెట్లు దాటి, బంతి స్టేడియం ఆవరణలోంచి బయటి వీధిలోకి పోయింది. కొలిస్తే 511 అడుగులు. ఆ మైదానంలో అంత దూరం కొట్టినవాడు మరొకడు లేడు. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ రెండు స్టాపులు ముందే బస్సు దిగి, ఈగిల్ అవెన్యూ మీద నిలబడి, ఇనుప గేటు లోపలికి చూశాను. గోడ ఎక్కడో ఉంది. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ అసలు కనపడలేదు. బంతి ఇక్కడిదాకా ఎలా వచ్చిందో నాకు ఊహకు అందలేదు. నా పక్కనే మరో ఇద్దరు, ఒక తపాలా ఉద్యోగి, ఒక తెల్లజుట్టు ఆవిడ, అదే పని మీద నిలబడి ఉన్నారు. ఎవరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ శరదృతువులో పెద్దాయన తమ్ముడికి జ్వరం వచ్చి, ఒక టిక్కెట్టు నాకు దక్కింది. అలా మొదటిసారి లోపలికి వెళ్ళాను. ఎడమవైపు గ్యాలరీ చిట్టచివరి వరసలో జాన్ ఆడమ్స్ కూర్చునేవాడు. 1973 ఆగస్టు నుంచి ఆయన దాదాపు ప్రతి ఆటకూ ఒక పెద్ద డోలు తెచ్చుకుని మోగించేవాడు. డోలుకు కూడా టిక్కెట్టు కొనేవాడు. రేడియోలో వెనకనుంచి వినిపించే ఆ ధన్ ధన్ శబ్దం ఏమిటో అంతవరకు నాకు తెలియదు. ఎక్కడో జాతరలో అమ్మవారి ఊరేగింపు దూరం నుంచి వస్తున్నప్పుడు వినిపించే మోతలా ఉండేది. ఆ మోత వింటూ టోమీ బ్యాటు చాచడం కళ్ళారా చూశాను. ఆ రోజు అతను రెండుసార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, అంటే మూడు స్ట్రైకులు పడి వెనుదిరిగాడు. ఒకసారి వాక్ తీసుకున్నాడు, అంటే పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వేస్తే ఊరికే మొదటి బేసుకు వెళ్ళాడు. హోమ్ రన్ లేదు. అయినా ఆ సాయంత్రం నాకు మరుపు రాదు. ఖాళీగా తిప్పిన దెబ్బకు కూడా 40 వేలమంది ఊపిరి ఒక్కసారిగా పీల్చిన చప్పుడు వచ్చింది.

క్లీవ్‌లాండ్‌లో ఏప్రిల్ అంటే నాకు రెండు పండుగలు. క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో ఈస్టరు సమయంలో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. 1978లో మొదలైంది. దేశం నలుమూలల నుంచీ, మద్రాసు నుంచీ విద్వాంసులు వస్తారు. వందలమంది ఒక్క గొంతుతో పంచరత్న కీర్తనలు పాడుతుంటే, ఎరీ సరస్సు గాలికి వణుకుతూ లోపలికి వచ్చిన నాలాంటివాడికి గొంతు పూడుకుపోయేది. తెలుగు మాట అక్కడ అంత గౌరవంగా నిలబడి ఉంది. నేను భోజనాల దగ్గర వడ్డనకు సాయం చేసేవాణ్ని. సాంబారు గరిటె పక్కవాళ్ళకు అందించి, బయట కారిడార్లో రేడియో చెవిదగ్గర పెట్టుకునేవాణ్ని. బేస్‌బాల్ సీజను మొదటి వారాలు కూడా అవే. ఒక పెద్ద ముత్తయిదువ నన్ను చూసి, "ఏం నాయనా, ఊరినుంచి ఏమైనా కబురా?" అని ఆందోళనగా అడిగింది. ఆట వింటున్నానని చెబితే నవ్వి, మరో రెండు గారెలు వేసి వెళ్ళింది.

2001 వచ్చేసరికి పరిస్థితి తిరగబడింది. 2000 సంవత్సరపు గండం దాటిపోయింది, దాంతో పాటు మా అవసరమూ తీరిపోయింది. ప్రాజెక్టు ముగిసింది. కన్సల్టెన్సీ ఇవాళ రేపు అంటూ జీతం ఆపేసింది. అప్పటికి పెళ్ళయింది, మా ఆవిడ కడుపుతో ఉంది. మార్చి నుంచి జూలై వరకు 14 ఇంటర్వ్యూలు పోయాయి. ఫోనులో ఇంటర్వ్యూ అయిపోయాక, మళ్ళీ చెబుతామన్న మాట విన్నాక, రిసీవరు పెట్టేసి అలాగే కూర్చుండిపోయేవాణ్ని.

ఆ ఏడాది టోమీ 49 హోమ్ రన్లు కొట్టాడు, 185 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. రెండో అంకెను నేను కాగితం మీద రాసుకునేవాణ్ని. జీవితం మొత్తం మీద అతను 2,548 సార్లు అలా వెనుదిరిగాడు. అంతకంటే ఎక్కువ రెజీ జాక్సన్‌కు మాత్రమే ఉన్నాయి, 2,597. బంతిని పగలగొట్టాలని తిప్పేవాడికి గాలిని కొట్టడం కూడా తప్పదు. కానీ నేను టీవీలోనూ మైదానంలోనూ చూసినంతవరకు, స్ట్రైకౌట్ అయ్యాక అతను బ్యాటు విసిరికొట్టింది లేదు, అంపైరు వైపు కళ్ళెర్ర చేసింది లేదు. బ్యాటును చంకలో పెట్టుకుని, చేతి తొడుగుల పట్టీలు ఒకటొకటే విప్పుకుంటూ, తల కొంచెం వంచి నడిచి వచ్చేవాడు. మళ్ళీ తన వంతు వచ్చినప్పుడు అదే నడక, అదే చాచిన చెయ్యి. 14వ ఇంటర్వ్యూ పోయిన రాత్రి ఆ నడక చూడాలనిపించి టీవీ పెట్టాను. మూడు సార్లు స్ట్రైకౌట్ అయిన మనిషి నాలుగోసారి వచ్చి నిలబడ్డాడు. ఆగస్టులో నాకు ఉద్యోగం దొరికింది. సెప్టెంబరు మొదటివారంలో మా అబ్బాయి పుట్టాడు.

ఇప్పుడు కష్టమైన భాగం చెప్పాలి. 2002లో జట్టు చెదిరిపోతోంది. జూన్ 27న తమ ప్రధాన పిచర్ బార్తొలో కొలోన్‌ను మాంట్రియల్‌కు ఇచ్చేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ 25 నుంచి జూలై 3 దాకా, టోమీ వరసగా ఏడు ఆటల్లో హోమ్ రన్ కొట్టాడు. ఇంకొక్క ఆట కొట్టి ఉంటే రికార్డుతో సమానం. కూలుతున్న ఇంటికి ఒక్క స్తంభం ఆనుకుని ఉన్నట్టుండేది. ఆ జూలైలోనే, అప్పటికి క్లీవ్‌లాండ్ జట్టును నడిపే మేనేజరుగా ఉన్న మాన్యుయెల్‌ను ఆ పదవి నుంచి తీసేశారు. సీజను ముగిసేసరికి టోమీ ఖాతాలో 52 హోమ్ రన్లు. ఆ జట్టు చరిత్రలో ఒక ఏడాదిలో అన్ని కొట్టినవాడు అప్పటికి మరొకడు లేడు. డిసెంబరులో అతను ఫిలడెల్ఫియాతో సంతకం చేశాడు. ఆరేళ్ళకు 8.5 కోట్ల డాలర్లు. క్లీవ్‌లాండ్ ఇవ్వజూపింది దానికంటే తక్కువ.

ఊరు అతన్ని క్షమించలేదు. డబ్బు కోసం పోయాడని ఆఫీసులో, బార్బరు షాపులో, పెట్రోలు బంకులో ఒకటే మాట. నేనూ మొదట రెండు రోజులు కోపంగానే ఉన్నాను. మూడో రోజు ఇంటికి ఫోను చేస్తే నాన్న మామూలుగా అడిగే మాటే అడిగారు: "అక్కడ ఇంకా ఎన్నాళ్ళురా? ఉన్న ఊళ్ళో అన్నం లేకనా?" నాన్న నరసరావుపేట దగ్గర పల్లెలో లెక్కల మాస్టారు. నేను ఊరి దగ్గర ఇంజినీరింగు కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వదులుకుని వచ్చాను. నేను వెళ్ళిన నెలంతా ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఫోను పెట్టేశాక టోమీ మీద కోపం పోయింది. నాకు ఆ హక్కు లేదనిపించింది. రెండు నెలల తరువాత నాకూ చికాగోలో ఎక్కువ జీతానికి ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాను. పెద్దాయన నా సామాను కారులో సర్దడానికి వచ్చి, డిక్కీ మూసి, దాని మీద రెండుసార్లు అరచేత్తో కొట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

ఫిలడెల్ఫియాలో టోమీ మొదటి ఏడే 47 కొట్టాడు. 2005లో మోచెయ్యి పాడైంది, తల్లి ఆ ఏడాది మొదట్లోనే పోయింది. ఆ ఏడాది చివర చికాగో వైట్ సాక్స్ అతన్ని తెచ్చుకున్నారు. నేను వెళ్ళిన ఊరికే అతనూ వచ్చాడు. 2006లో వైట్ సాక్స్ తరఫున క్లీవ్‌లాండ్ మైదానంలోకి అడుగు పెట్టినప్పుడు జనం గేలి చేశారు. పెద్దాయన ఫోను చేసి చెప్పారు. ఆయన మాత్రం చేయలేదట. చేతులు కట్టుకుని కూర్చున్నారట.

2007 వేసవిలో అమ్మానాన్న మా దగ్గరకు వచ్చారు. నాన్నకు అప్పటికి డెబ్బై దగ్గర. అరోరాలో బాలాజీ గుడి, మాల్, పార్కు అన్నీ చూపించాక చూపించడానికి ఏమీ మిగల్లేదు. సెప్టెంబరు 16 ఆదివారం. టోమీ ఖాతాలో 499 హోమ్ రన్లు ఉన్నాయి. ఆ రోజు మైదానానికి వచ్చినవాళ్ళకు టోమీ బొమ్మ పంచుతున్నారు, తలాడించే తంజావూరు బొమ్మలాంటిది. మా ఆరేళ్ళవాడు దానికోసం మారాం చేశాడు. నాన్న, నేను, వాడు రైలెక్కి వెళ్ళాం. నాన్న చేతికర్ర పట్టుకుని మెల్లగా మెట్లెక్కారు.

మొదటి మూడు ఇన్నింగ్స్‌ల పాటు నాన్నకు ఆట అంతు పట్టలేదు. తరువాత ఒక్కసారిగా, "ఇది మన కర్రాబిళ్ళే కదరా" అన్నారు. బిళ్ళ గాల్లోకి లేస్తే కర్రతో కొట్టడం, ఎవరో పట్టుకుంటే అవుట్, పట్టుకోలేకపోతే దూరం కొలవడం. ఆ తరువాత ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. టోమీ బ్యాటు చాచినప్పుడల్లా, "వీడు చూపించి కొడతాడురా" అని ముందుకు వంగేవారు.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఏంజెల్స్‌తో 7-7 సమానం. బేసు మీద ఒక మనిషి. టోమీ వచ్చాడు. జనమంతా లేచారు, నాన్న కూడా కర్ర ఊతంగా లేచి నిలబడ్డారు. డస్టిన్ మోస్లీ వేసిన బంతిని ఎడమవైపుకు ఎత్తి కొట్టాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే నాన్న చెయ్యి నా భుజం మీద పడింది, గట్టిగా బిగిసింది. గోడ దాటింది. 9-7. అదే 500వ హోమ్ రన్. ఆటను గెలిపించే ఆఖరి దెబ్బగా 500వ హోమ్ రన్ కొట్టినవాడు అంతకుముందు ఎవరూ లేరు. బాణసంచా మోతకు మా వాడు చెవులు మూసుకున్నాడు. నాన్న మాత్రం టోమీ బేసులన్నీ చుట్టి వచ్చేదాకా రెప్ప వేయలేదు.

తిరుగు రైల్లో నాన్న అడిగారు, వీడు అన్నిటికంటే దూరం కొట్టింది ఎంత అని. 511 అడుగులని చెప్పాను, ఈగిల్ అవెన్యూ సంగతి చెప్పాను. చిన్నప్పుడు వాళ్ళు కర్రాబిళ్ళకు మూరెడు కర్ర వాడేవారట, అందుకని మూరలోకి మార్చాలన్నారు. మూర అంటే అడుగున్నర. రైలు కదులుతూండగానే కళ్ళు మూసుకుని, "340 మూరలు, పైన ఒక అడుగు" అని చెప్పారు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.

మర్నాడు పేపరు చదివి వినిపించాను. ఆ 500వ బంతిని కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ కీర్తి మందిరానికి తన తండ్రితో కలిసి వెళ్ళి ఇస్తానని టోమీ చెప్పాడు. ఆ మాట ప్రకారమే ఆ శీతకాలం రాకముందే తండ్రీకొడుకులిద్దరూ వెళ్ళి ఇచ్చి వచ్చారు. నాన్న విని, కాఫీ గ్లాసు కింద పెట్టి, "తండ్రిని వెంటబెట్టుకుని వెళ్తాడా" అన్నారు. కొంతసేపటికి, "నువ్వూ నన్ను తీసుకొచ్చావుగా" అన్నారు. 1998 నుంచి మా ఇద్దరి మధ్య ఉన్నది ఏదో ఆ పొద్దున తొలగిపోయింది. దాని గురించి మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

600వ హోమ్ రన్ 2011 ఆగస్టు 15న డెట్రాయిట్‌లో, మిన్నెసోటా తరఫున. అదే రాత్రి 599 కూడా. ప్రత్యర్థి ఊరి జనమే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పటికి అంతమంది ఆటగాళ్ళలో 600 దాటినవాళ్ళు మరో ఏడుగురే. సత్తువ పెంచే మందుల వాడకం మీద ఎందరి పేర్లో మసకబారిన ఆ కాలంలో టోమీ పేరు ఏ ఆరోపణలోనూ రాలేదు. పదిరోజుల తరువాత క్లీవ్‌లాండ్ అతన్ని వెనక్కి తెచ్చుకుంది. గేలి చేసిన జనమే లేచి నిలబడ్డారు. సెప్టెంబరు 23న అతన్ని సన్మానిస్తూ విగ్రహం పెడతామని ప్రకటించిన రాత్రే మళ్ళీ హోమ్ రన్ కొట్టాడు. రెండు రోజుల తరువాత, 15 ఏళ్ళుగా నిలబడని మూడో బేసు దగ్గర ఒకే ఒక్క బంతి కోసం అతన్ని నిలబెట్టారు. పెద్దాయన ఆ రాత్రి ఫోను చేసి, ఆ ఒక్క బంతి గురించి అరగంట మాట్లాడారు.

2012లో ఫిలడెల్ఫియా, బాల్టిమోర్‌లతో ఆట ముగిసింది. మొత్తం 612. 2018లో కీర్తి మందిరంలో చేరాడు, అర్హత వచ్చిన మొదటి ఏడే. అక్కడి ఫలకం మీద టోపీకి జట్టు పాత గుర్తు, అమెరికా మూలవాసిని వెక్కిరించినట్టుండే ఎర్రముఖం బొమ్మ వద్దని, క్లీవ్‌లాండ్‌కు గుర్తుగా ఉత్త సి అక్షరం చాలని తానే కోరాడు. ఆ కోరికను నేను మనసారా మెచ్చుకున్నాను.

ఆ ఏడు ఆగస్టు 18న క్లీవ్‌లాండ్‌లో అతని 25వ నంబరును ఇకపై ఎవరికీ ఇవ్వకుండా గౌరవించారు. మా అబ్బాయికి అప్పటికి పదహారు. ఇద్దరం చికాగో నుంచి కారులో వెళ్ళాం. నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. స్టేడియం ఆవరణలో పెద్దాయన మా కోసం ఎదురుచూస్తున్నారు. నన్ను చూడగానే ప్యాంటు కాళ్ళు కొంచెం పైకి లాగి, మోకాళ్ళ దాకా తొడుక్కున్న మేజోళ్ళు చూపించారు. కంచు విగ్రహం ముందు ముగ్గురం నిలబడ్డాం. ఆ చాచిన చెయ్యి, ఆ బ్యాటు. లోపలి నుంచి డోలు మోత వస్తోంది.

మా వాడు విగ్రహం నుంచి హోమ్ ప్లేట్ వైపు చూసి, ఆ దెబ్బ ఎంత దూరం పోయిందని అడిగాడు.

"340 మూరలు, పైన ఒక అడుగు" అన్నాను.

తెలుగులో ఏమన్నానో చెప్పమని పెద్దాయన అడిగారు. మా వాడు మోచెయ్యి ముందుకు చాచి, మోచేతి నుంచి వేలి కొస దాకా ఆయనకు మూర కొలిచి చూపించడం మొదలుపెట్టాడు.